ఒక వేలు తక్కువ

నాకు భయం ఎక్కువ. రేపు ఇంకొకరు చెప్పి నవ్వడం కంటే నేనే ముందు చెప్పుకోవడం నయం. వడ్లపని, అంటే కొయ్యపని, చేసేవాడికి భయం పనికిరాదంటారు. ఆ మాట అన్నవాళ్ళెవరూ వాసం మీద కాలు పెట్టినవాళ్ళు కాదు. నా పేరు దశరథం. పాతికేళ్ళుగా బోధన్‌లో దర్వాజాలు, ఎడ్లబండ్లు చేస్తున్నాను, ఇళ్ళకు దూలాలు ఎక్కిస్తున్నాను. ఎక్కించిన ఏ దూలం కిందా అవసరం లేకుండా నిలబడను.

మా వైపు ఒక ఆచారం ఉంది. దూలం ఎక్కిన రోజు వడ్లాయన్ని, ఆయన భార్యను ఆ దూలం కిందనే పీటల మీద కూర్చోబెట్టి ఇంటివాళ్ళు కొత్తబట్టలు పెడతారు. చూడ్డానికి మర్యాదే. కానీ కట్టినవాడు తాను కట్టినదాని కింద కూర్చోగలడా లేదా అన్నది ఊరి కళ్ళముందు అక్కడే తేలిపోతుంది. నేను పన్నెండేళ్ళ పాటు ఒక్కసారి కూడా కూర్చోలేదు. ఒకసారి నడుం నొప్పి అన్నాను, ఇంకోసారి అత్తకు ప్రాణం మీదికి వచ్చిందన్నాను. మా అత్త అలా నాలుగుసార్లు చావు దాకా పోయి వచ్చింది. బట్టలు మాత్రం ఇంటికి తెప్పించుకునేవాణ్ణి.

ఎందుకంటే మా తమ్ముడు నర్సన్న ఆ పీట మీదే పోయాడు. యాభై తొమ్మిదిలో రుద్రూర్ పక్కన ఒక పల్లెలో మా బాపు, తమ్ముడు కలిసి ఒక ఇంటికి దూలం ఎక్కించారు. మా అవ్వ, అంటే అమ్మ, అప్పటికే లేదు కనుక బాపు తనకు బదులు తమ్ముణ్ణి ఒక్కణ్ణే కూర్చోమన్నాడు. వాడి భుజం మీద కొత్త ధోతి వేశారు. అందరూ చూస్తుండగానే దూలం ఒక కొస గోడ మీది నుంచి జారింది. నేను ఆ రోజు బోధన్‌లో బండిచక్రానికి ఇనుపపట్టా వేయిస్తున్నాను. సాయంత్రం నేను పోయేసరికి వాణ్ణి ఆ ధోతిలోనే చుట్టి పెట్టారు.

బాపు నాతో ఒకే మాట అన్నాడు. "ధూమాయంల ఎక్కిచ్చిన బిడ్డా. పొగ కొంటపోయింది."

ఆయం అంటే మా కొలతల లెక్క. వేలంటే వేలి వెడల్పు. దూలం ఎన్ని వేళ్ళ పొడుగుంటే ఆ అంకెను ఎనిమిదితో భాగించాలి. ఒకటి మిగిలితే ధ్వజం, మూడు మిగిలితే సింహం, ఏడు మిగిలితే గజం. ఇవన్నీ మంచివి. రెండు మిగిలితే ధూమం, అంటే పొగ. పొగ మిగిలిన ఇంట్లో మనిషి మిగలడని బాపు నాకు చిన్నప్పుడే నేర్పాడు.

తమ్ముడు పోయాక ఆయన మళ్ళీ ఉలి పట్టలేదు. కొలకర్ర నా చేతిలో పెట్టి ఊరుకున్నాడు. రోజూ పొద్దున్నే మా పెరటి బావి దగ్గరికి పోయి, గట్టు మీద వంగి నీళ్ళలోకి చూసేవాడు. కొడుకు దుఃఖంతో దూకుతాడేమోనని నేను పళ్ళపుల్ల నోట్లో పెట్టుకుని వెనకే నిలబడేవాణ్ణి. ఎనిమిదేళ్ళు అలా చూసి చూసి, మంచంలోనే పోయాడు.

ఇక ఆత్మారాం సంగతి. డెబ్బై ఒకటిలో, మా చక్కెర ఫ్యాక్టరీ చెరకు ఆడుతున్న రోజుల్లో వచ్చాడు. దెగ్లూర్ వైపు మరాఠీ పిల్లవాడు, పుణేలో ఇంజనీరు చదివాడు. మా చెరకు రైతుల సంఘం వాళ్ళు కొత్తరకం చెరకులు చూపించడానికి ప్రదర్శన పెట్టదలచి, దానికి ఒక చలువ పందిరి కట్టమని ఆయనకు అప్పగించారు. పందిరి అంటే నాలుగు గుంజలు, పైన తాటాకులు అనుకున్నాను. ఆయన మా కొట్టానికి వచ్చి నానబెట్టిన శనగలు, చీపురుపుల్లలు అడిగాడు.

మా ఆవిడ రేణుకమ్మ తెచ్చి ఇచ్చింది. ఆయన శనగలకు పుల్లలు గుచ్చి, మూడు పుల్లలకో ముక్కోణం చొప్పున కట్టుకుంటూ పోయాడు. చివరికి అది బోర్లించిన గంప ఆకారంలో తయారైంది. నడుమ గుంజ లేదు, దూలం లేదు, గోడ లేదు. దాని నెత్తిన నీళ్ళ చెంబు పెట్టాడు. చెంబు కదలలేదు, పుల్లలు వంగలేదు.

"బఘా, సూడు దశరథన్నా, భారం ఒక్క కర్ర మొయ్యదు. అన్నీ పంచుకుంటయి. అరవై ఐదు కర్రలు, రెండే కొలతలు. ముప్పై పొట్టివి, ముప్పై ఐదు పొడుగువి."

"ఒక్క కర్ర తప్పితేనో?"

"ఎందుకు తప్పుతది? నువ్వు కోస్తే కొలత కొలతే అని బజార్ల అందరు చెప్పిండ్రు."

పొగడ్తకు పడని వడ్లవాడు ఇంకా పుట్టలేదు. సరే అన్నాను. ఆయన పోయాక ఆ గంప వైపు చూస్తే ఒళ్ళు జలదరించింది. గుంజ లేని ఇంట్లో ఏదైనా అయితే దేన్ని పట్టుకోవాలి? అన్నం తింటూ రేణుకమ్మను అడిగాను.

"నన్ను పట్టుకో. ఇన్నేండ్ల సంది గదే కదా జేస్తున్నవు" అంది.

టేకు కర్రలు కోశాం. ఆత్మారాం టేపు తెచ్చాడు కానీ నాకు బాపు కొలకర్రే అలవాటు. పొడుగు కర్ర నూటపదకొండు వేళ్ళు, పొట్టిది తొంభై ఎనిమిది. అరవై ఐదూ కోసి, పేర్చి, బోల్టులు తేవడానికి ఆత్మారాం నిజామాబాద్ బస్సెక్కాక, నేను జొన్నరొట్టె విప్పుకుని కూర్చున్నాను. చెయ్యి రొట్టె తుంచుతోంది, మనసు పాత అలవాటుగా లెక్క వేస్తోంది. నూటపదకొండుకు ఏడు మిగిలింది. గజాయం, మంచిది. తొంభై ఎనిమిదికి రెండు మిగిలింది.

రొట్టె పక్కన పెట్టేశాను. మూడుసార్లు లెక్కేశాను. మూడుసార్లూ పొగే.

ఆ మధ్యాహ్నం నేను పడ్డ భయం చెప్పడానికి చేతకాదు. ప్రారంభం రోజు పీటలు వేస్తారు. సంఘం పెద్ద భీమన్న ఆచారం తప్పని మనిషి, నా అత్త రోగాలన్నీ ఆయనకు తెలుసు. ఈసారి కూర్చోక తప్పదు. తమ్ముడి భుజం మీది ధోతి అంచు ఎర్రరంగు కూడా నాకు గుర్తుకు వచ్చింది. ఎవరికి చెప్పాలి? ఆత్మారాంకు ఆయం అంటే నవ్వుతాడు. చదువుకున్నవాడు నవ్వితే సహించవచ్చు. కానీ మళ్ళీ ముప్పై కర్రలు కోయాలంటే టేకు ఎక్కడుంది?

ఇల్లయితే దూలం కొలత చూస్తాం. దీనికి దూలం లేదు. నడినెత్తిన ఐదు పొట్టికర్రలు ఒకచోట కలుస్తాయి. పీటలు వేసేది వాటి కిందనే కనుక, దూలం స్థానం వాటిదేనని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. కోసిన కర్రకు వేలు కలపలేం, తీయగలం. ఐదింటికీ ఒక్కొక్క వేలు కోసేశాను. తొంభై ఏడు. ఒకటి మిగిలింది. ధ్వజాయం. అంతకన్నా మంచిది లేదు.

ఆయం కోసం తీసిన ముక్కను పొయ్యిలో పెట్టకూడదు, తొక్కకూడదు. ఐదు బిళ్ళలనూ పనిముట్ల సంచి అడుగున వేసుకున్నాను. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

నాలుగో రోజు ఆ బోర్లించిన గంపలాంటి గోపురం నిలబెట్టాం. కింది వరస, దాని మీద వరస, కర్రలు కలిసిన ప్రతిచోటా ఇనుపపట్టీ, బోల్టులు. బండి తోలే లింబాద్రి, ఇంకా నలుగురు రైతులు పట్టుకున్నారు. రెండు వరసల దాకా గోరు పట్టే సందు లేకుండా కూర్చుంది. చివరికి పరంజా ఎక్కి నెత్తిన ఐదు కర్రలు పెడితే బోల్టు రంధ్రాలు కలవలేదు. కింది నుంచి ఆత్మారాం ఏమైందని అడిగాడు.

"కొత్త కట్టె సారూ, జర మొండికేస్తున్నది" అన్నాను. తాడుతో లాగి, సుత్తితో కొట్టి, బోల్టులు దూర్చాను. ఎక్కడో టేకు సన్నగా మూలిగింది.

అందరూ టీకి పోయాక పక్క నుంచి చూశాను. ఒళ్ళంతా గుండ్రంగా ఉంది, నెత్తి మాత్రం మట్టసంగా ఉంది. పరంజా ఎక్కి నడుమ అరచేయి పెట్టి నొక్కాను. నూనెడబ్బా మూతలా టపక్కున లోపలికి పోయి, చెయ్యి తియ్యగానే టపక్కున పైకి వచ్చింది. నేను పరంజా దిగానో పడ్డానో నాకు తెలియదు.

అప్పుడే చెప్పాల్సింది. ఆత్మారాం చాయ్ గ్లాసు పట్టుకుని ఎదురుగానే వచ్చాడు, ముఖం వెలిగిపోతోంది. "తూ కమాల్ కేలీస్, అన్నా" అని, అద్భుతం చేశావంటూ నా వీపు తట్టాడు. నేను వంగి పనిముట్లు సర్దుకోవడం మొదలుపెట్టాను. పాతికేళ్ళ పేరు ఒక్క వేలుకు పోతుందే అనిపించింది. పైన తాడిపత్రి, అంటే టార్పాలిన్ గుడ్డ, కప్పేస్తే ఎవరికీ కనబడదు, మీద బరువేమీ పడదు, రెండు రోజుల ప్రదర్శన అయిపోతే విప్పేస్తారు అని సర్దిచెప్పుకున్నాను.

మర్నాడు పొద్దున మైదానం నిండా జనం. చెరకు బండ్లు దోవలోనే ఆపి మరీ వచ్చారు. గుడ్డ ఇంకా కప్పలేదు. కర్రలన్నీ కనబడాలని ఆత్మారామే వద్దన్నాడట. గోపురం నడుమ రెండు పీటలు, మీద పసుపు, పళ్ళెంలో కొత్త ధోతి, చీర. భీమన్న నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఇయ్యాల అత్త పాణం బాగనే ఉన్నదా దశరథం?"

జనం నవ్వారు. నా కాళ్ళు వాటంతట అవే నడిచాయి. రేణుకమ్మ అప్పటికే పీట మీద కూర్చుని ఉంది. నన్ను చూసి కొంగుముడి గట్టిగా పట్టుకుంది.

అంతలో ఆత్మారాం గట్టిగా అరిచి చెప్పాడు. "గుంజ లేదు, దూలం లేదు, ఎట్ల నిలుస్తదని మీ అందరికి అనుమానం. సూడుండ్రి, పది మంది నెత్తి మీదికి ఎక్కుతరు. కట్టిన మిస్త్రీ కిందనే కూసుంటడు!"

చప్పట్లు మోగాయి. లింబాద్రి పంచె ఎగ్గట్టి ముందుగా ఎక్కడం మొదలుపెట్టాడు. నేను పీట మీద కూలబడ్డాను.

"రేణుకా, నువ్వు బయటికి పో" అన్నాను గొంతు తగ్గించి.

ఆమె కొంగుముడి విప్పి ఒడిలో పెట్టుకుంది. ఐదు టేకు బిళ్ళలు. "నీ సంచిల సద్ది పెట్టబోతే దొరికినయి. ఐదు గివేనా?"

ఆమె రవికెలో నుంచి ఇంకొక బిళ్ళ తీసి వాటి పక్కన పెట్టింది. అది పాతబడి నల్లగా అయింది. అదే మందం, ఒక్క వేలు.

"ఇది మామది. నర్సన్న పోయిన నాడు నా చేతిల పెట్టి, బావిల పారెయ్ బిడ్డా, ఎవ్వలకు చెప్పకు అన్నడు. గప్పుడు నాకు సమజ్ కాలె. పారెయ్య మనసు రాలె, దాసిపెట్టిన. ఇయ్యాల పొద్దుగాల నీ సంచిల గివి సూసినంక సమజైంది."

నాకూ అర్థమైంది, ఒక్కసారిగా. బాపు పొగలో దూలం ఎక్కించలేదు. పొగ మిగిలిందని చూసుకుని, నాలాగే ఒక వేలు కోశాడు. ఆ కొస గోడ మీద ఆనాల్సిన వేలు అది. నా తమ్ముడి మీద పడింది ధూమాయం దూలం కాదు, ధ్వజాయం దూలం.

పైన మూడో మనిషి ఎక్కాడు. కర్ర మూలిగింది.

"లేవే, నీ కాళ్ళు మొక్కుత."

"నువ్వు నోరిప్పి చెప్పేదాక లేవ. గప్పుడు నర్సన్న పోయినట్టే నేను గూడ పోత."

లింబాద్రి పాదం మా నెత్తి మీది కర్రను తాకడం చూశాను. నా గొంతులో నుంచి వచ్చిన అరుపు నాది అనిపించలేదు.

"దిగుండ్రి! అందరు దిగుండ్రి! కర్రలు ఒక వేలు తక్కువున్నయి! నేనే కోసిన, ఐదు కర్రలు నేనే కోసిన!"

రేణుకమ్మ చెయ్యి పట్టి బయటికి ఈడ్చాను. ఎక్కినవాళ్ళు జారుకుంటూ, దూకుతూ దిగారు. లింబాద్రి బరువైన మనిషి, దిగడానికి తిరిగి చూసుకుంటూ ఒక కాలు నడుమ ఆనించి ఊతం తీసుకున్నాడు. అతను పక్క వరసకు దూకిన మరుక్షణం నెత్తి టపక్కున లోపలికి పోయింది. ఈసారి పైకి రాలేదు. ఒక కర్ర బోల్టు దగ్గర చీలి, నిలువునా కిందికి వచ్చి రేణుకమ్మ పీటను రెండు ముక్కలు చేసింది. పసుపు చెదిరి చీర మీద పడింది.

నేను అందరి ముందూ ఆత్మారాంకు జరిగినదంతా చెప్పాను. ఆయం, పొగ, తొంభై ఏడు, బాపు, అన్నీ. సిగ్గుతో తల ఎత్తలేదు. ఆయన నవ్వుతాడనుకున్నాను. నేలమీద చతికిలబడి, కాగితం తీసి చాలాసేపు లెక్క వేశాడు.

"అన్నా, అండ్ల ఒక్క వేలు తీస్తే నడినెత్తి నాలుగు వేళ్ళు కుంగుతది. కుంగిన నెత్తి బరువు పక్కలకు పంచది. కిందికే జూస్తది." కాగితం మడిచి అన్నాడు, "నన్ను ఒక్క మాట అడుగకపోతివి. రెండు కొలతలు గూడ మంచి ఆయం వచ్చేటట్టు గోపురమే జర పెద్దగ గీసిస్తుంటి."

ఆ మాటకు నాకు ఏడుపు వచ్చింది. అడిగితే సరిపోయేది. బాపు కూడా ఎవరినైనా అడిగి ఉంటే సరిపోయేదేమో.

ప్రదర్శన వారం వెనక్కి జరిగింది. భీమన్న తన ఇంటి కొత్త దర్వాజాకని దాచిపెట్టుకున్న టేకు ఇచ్చాడు. ఐదు కర్రలు తొంభై ఎనిమిది వేళ్ళకే కోశాను. రెండు మిగిలింది, పొగ. ఈసారి బోల్టులు సుత్తి లేకుండా, వేళ్ళతోనే దూరాయి. పరంజా ఎక్కి నడుమ నొక్కాను, నిలబడి తొక్కాను కూడా. కదలలేదు. అయినా భయం పోలేదు. లెక్క మార్చినంత సులువుగా భయం మారదు.

మళ్ళీ పీటలు, మళ్ళీ పళ్ళెం. చెదిరిన పసుపు ఉతికినా పోలేదు, రేణుకమ్మ అదే చీర పెట్టమంది. పది మంది ఎక్కారు, అందరికన్నా ముందు లింబాద్రే. పది జతల పాదాలు నా నెత్తి మీద. లేచి పరుగెత్తడానికి అరచేతులు నేలకు ఆనించాను. రేణుకమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"ఒక ముచ్చట అడుగుత. మామ రోజు బావి కాడికి పోయేటోడు గదా, ఎందుకనుకుంటివి?"

"తమ్ముని రంది, దుఃఖం. దుంకుతడేమోనని నేను ఎన్క నిలబడేటోన్ని."

"గా బిళ్ళ బావిల పడేసిన్నని మామకు నేను అబద్ధం జెప్పిన. కట్టె నీళ్ళల్ల మునుగదు గదా. తేలుకుంట ఎవ్వల కంట్ల పడుతదోనని ఎనిమిదేండ్లు సూసిండు. నేను దాసిపెట్టిన్నని ఒక్క మాట జెప్పకపోతి. చెప్తే సిగ్గుతోని సస్తడని భయపడ్డ."

పైన జనం చప్పట్లు కొడుతున్నారు. దిగడం మొదలైంది. నేను పైకి చూడటమే మరిచిపోయాను. వంగి నీళ్ళలోకి చూస్తున్న ముసలివాడి వీపు, దాని వెనక పళ్ళపుల్లతో నిలబడ్డ నేను, వంటింటి గడప దగ్గర రేణుకమ్మ. ముగ్గురమూ భయపడ్డాం. ఒకరికొకరం చెప్పుకోలేదు.

భీమన్న వచ్చి నా భుజం మీద ధోతి వేశాడు. పన్నెండేళ్ళ తర్వాత ఒక కప్పు కింద కూర్చుని నేను బట్టలు పెట్టించుకున్నాను.